త్రిమూర్తులు ఇల్లు దాటలేదు

నమోదు 112. అమావాస్య.

ఒడ్డు ఆఫీసు వాళ్లు తేదీలు వేసి రాయమంటారు. నేను తిథులే వేస్తాను. నీళ్ల మీద బతికేవాళ్లకి పదిహేనో తారీఖంటే ఏం తెలుస్తుంది? అమావాస్య అంటే పోటు ఎంత ఎత్తున వస్తుందో తెలుస్తుంది. పాతికేళ్ల సర్వీసులో దీని మీద నాకు మూడు మెమోలు వచ్చాయి. మూడూ ఎండుచేపల పొట్లాలకి పనికొచ్చాయి.

పొద్దున ఆరింటికే పడవ తీశాను. నీళ్ల మీద తేలే మా తెప్పలపేటలో ఇప్పుడు నా చేతి కింద పదకొండు మంది ముద్దాయిలున్నారు. విచారణ అయ్యేదాకా ఎవరింట్లో వాళ్లుంటారు, ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. చేతికి కడియం ఉంటుంది. రెండు నెలల క్రితం దాకా ఆ కడియం ఇంటి దూలానికి కొట్టిన బిళ్లతో మాట్లాడేది. ఇప్పుడు కొత్త కడియాలొచ్చాయి. ఇవి ఆకాశంతో మాట్లాడతాయి. ఆకాశం ఒడ్డు ఆఫీసుకి చెబుతుంది, ఒడ్డు ఆఫీసు నా పలకకి చెబుతుంది. ఇంతమంది చెప్పుకున్నాక కూడా వారానికి రెండుసార్లు నేను వెళ్లి, మనిషిని కళ్లారా చూసి, కడియం కింద చర్మం ఒరిసిందేమో చూసి, పుస్తకంలో ‘హాజరు’ అని రాయాలి. అందుకే పేటలో నన్ను హాజరు పోలమ్మ అంటారు. అసలు పేరు మల్లాడి పోలేశ్వరి. అది ఎవరికీ గుర్తులేదు.

నేరం చేశాడా లేదా అన్నది మేజిస్ట్రేటు గారి తలనొప్పి. పిలిచిన రోజుకి మనిషి వస్తాడా రాడా అన్నది నా తలనొప్పి. ఇప్పటిదాకా రెండొందల ఆరుగురిని చూసుకున్నాను. ఇద్దరే రాలేదు. అందులో ఒకాయన చచ్చిపోయాడు కాబట్టి ఆయన్ని నేను లెక్కలోకి తీసుకోను.

తొమ్మిదీ పదికి పలక గీపెట్టింది. ఓలేటి త్రిమూర్తులు గీత దాటాడట. ఇంటి చుట్టూ నలభై బారల దూరంలో గీసిన గీత. దానికి ఇరవై రెండు బారలు అవతల ఉన్నాడట.

త్రిమూర్తులు బయటి వరసలో మోకులు పేనేవాడు. ఒక ఆసామి చేపల గూడు తాళ్లు కోసి చేపలన్నీ సముద్రం పాలు చేశాడని కేసు. నా చేతికి వచ్చి పది రోజులే అయింది. భార్య మంగ దూరపు వేట ఓడలో వంటకి వెళ్లింది, వర్షాలు తగ్గేదాకా రాదు. ఇంట్లో అతనూ, అతని అత్తగారు అర్జాలమ్మా. ఆవిడకి మోకాళ్లు రెండూ పనిచేయవు. నోరు మాత్రం ముగ్గురి పెట్టు.

నేను వెళ్లేసరికి పదకొండైంది. తెప్ప అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు.

“ఎక్కడికెళ్లావ్?” అన్నాను, పడవ కట్టకుండానే.

“ఎక్కడికీ ఎల్లలేదక్కా. పొద్దుట మోకు వదిలాను, మా అత్తకి గంజి కాసిచ్చాను, ఇదిగో ఇలా కూకున్నాను.”

“కడియం దాటావంటోంది.”

లోపల్నుంచి అర్జాలమ్మ అందుకుంది. “వాడేటి ఎల్తాడే? గుమ్మం దిగితే నా మందెవడిత్తాడనుకున్నావ్? ఆ కడియానికి కళ్లు పోయినయ్యేమో చూసుకో ముందు!”

నాకు నమ్మాలనే ఉంది. కానీ అందరినీ నమ్ముకుంటూ పోతే ఈ ఉద్యోగం ఎందుకు? మొదటి ఉల్లంఘన అని పుస్తకంలో రాసి, మళ్లీ జరిగితే మాటలుండవని గట్టిగా చెప్పి వచ్చాను.

నమోదు 119. సప్తమి.

త్రిమూర్తులు హాజరు. కడియం కింద కొంచెం ఎర్రబడింది. కొబ్బరినూనె రాయమన్నాను.

నేను వెళ్లేసరికి అత్తగారి మోకాళ్లకి ఆవిరి పడుతున్నాడు. గుడ్డ కాస్త వేడెక్కువైనట్టుంది, ఆవిడ తిట్ల దండకం ఎత్తుకుంది. అతను నవ్వుతూనే గుడ్డ ఊది ఊది పెడుతున్నాడు. కన్నకొడుకులు ఇంత చేయగా నేను చూడలేదు.

పడవ దాకా వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. “మూడుసార్లయితే ఒడ్డు గదుల్లో పడేత్తారంట గదక్కా?”

“అవును.”

“నేను పోతే ఈవిణ్ణి కూడా ఒడ్డుకే పంపుతారు. ముసిలోళ్ల షెడ్డుకి. అది సూసొచ్చిందక్కా ఓసారి. అక్కడికి పంపితే అన్నం మానేత్తానంది. అన్నంత పనీ చేత్తది.”

“నువ్వు గీత దాటకు. అన్నీ అవే సర్దుకుంటాయి” అన్నాను. నేనే పెద్ద న్యాయం చెప్పినట్టు.

నమోదు 127. పౌర్ణమి.

గోరుచుట్టు మీద రోకటిపోటు. తొమ్మిదీ ఇరవైకి మళ్లీ గీపెట్టింది. త్రిమూర్తులు, పంతొమ్మిది బారలు అవతల.

మధ్యాహ్నం ఒడ్డు నుంచి భుజంగరావు దిగాడు. కొత్త కడియాల తనిఖీ అధికారి ఆయన. పడవలోంచి నా ఆఫీసు తెప్ప మీదికి ఎక్కడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది. ఎక్కాక దూలం పట్టుకుని వదల్లేదు.

“మీరు చాలా మెతగ్గా ఉంటున్నారు పోలేశ్వరి గారూ. రెండు ఉల్లంఘనలు! మూడోది పడిన గంటలో మనిషి ఒడ్డు గదుల్లో ఉండాలి.”

“మనిషిని అడిగానండి. ఇల్లు కదల్లేదంటున్నాడు.”

“ముద్దాయి అంతకంటే ఏమంటాడండీ? కడియం అబద్ధం చెప్పదు. దానికి అత్తగారుందా, మామగారున్నారా?”

ఒళ్లు మండింది. కానీ ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏముంది? పాత కడియాలప్పుడు ఈ గొడవ లేదని మాత్రం అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస అన్నాడు. ఆ మాట రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

సాయంత్రం త్రిమూర్తుల దగ్గరికి వెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. దొంగవన్నాను. ముసలమ్మ ఉసురు పోసుకుంటావన్నాను. తల వంచుకుని తాడు పేనుతూనే ఉన్నాడు. అర్జాలమ్మ మాత్రం ఈసారి అరవలేదు. మెల్లగా, “పోలమ్మా, మీయమ్మ నాకు తెలుసు. నా అల్లుడి మీద ఒట్టు, వాడు గుమ్మం దిగలేదే” అంది. ఆవిడ తిట్టినా బాగుండేది.

నమోదు 134. అష్టమి.

మూడు రోజులుగా పొద్దున్నే వెళ్లి త్రిమూర్తులింట్లో కూర్చుంటున్నాను. ఉల్లిపాయలు తరిగాను, వాళ్ల ఉప్పునీటి వడపోత జల్లెడ కడిగాను, అర్జాలమ్మ దగ్గర పేటలో అందరి పెళ్లిళ్ల సంగతులూ విన్నాను. పలక మీద పచ్చచుక్క గీత మధ్యలోంచి వెంట్రుకవాసి జరగలేదు.

నేనుంటే బుద్ధిమంతుడు, నేను లేకపోతే గీత దాటేవాడు. ఎవరైనా ఇంకేమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

నమోదు 140. త్రయోదశి.

మతి లేని మొద్దుని! పాతికేళ్లు ఈ నీళ్ల మీద పడవ తోసి ఏం నేర్చుకున్నాను?

పొద్దున టీ తాగుతూ ఎల్లుండికి పనులు రాసుకుందామని పుస్తకం తెరిచాను. పైన తిథి వెయ్యాలి కదా. అమావాస్య అని రాశాను. వెంటనే ఏదో అనిపించి వెనక్కి తిప్పాను. మొదటి ఉల్లంఘన, అమావాస్య. రెండోది, పౌర్ణమి. నేను కాపలా కూర్చున్న రోజులు షష్ఠి, సప్తమి, అష్టమి. నీళ్లు పెద్దగా పొంగని చచ్చు పోటు రోజులు.

అప్పుడే బయటి వరస నుంచి కేక వినపడింది. పెద్ద పోటు వచ్చే ముందు వరస పెద్ద వేసే కేక. “ఎల్లుండి పొద్దుట మోకులు వదులుకోండ్రోయ్!”

నా పుట్టుక దగ్గర్నుంచీ వింటున్న కేక అది. టీ గ్లాసు అక్కడే పెట్టి పడవెక్కాను.

“త్రిమూర్తులూ, ఇంటి లంగరు మోకు ఎంత వదులుతావు?”

“డెబ్బై బారలక్కా. బయటి వరసోళ్లందరం అంతే. బిగించి ఉంచితే పోటుకి తెప్ప ముక్కు మునిగిపోద్ది.”

“వదిలితే ఇల్లు ఎక్కడికి పోతుంది?”

వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. “ఎక్కడికీ పోదు. ఇక్కడే ఉంటది.”

“ఇక్కడే అంటే?”

“ఇక్కడే అంటే... ఇదిగో, పక్కన గంగరాజు మావిల్లు. అటేపు కోళ్ల తెప్ప. ఎప్పుడూ ఉన్నట్టే.”

అవును మరి. వరస వరసంతా ఒకేసారి మోకు వదులుతుంది. వరస వరసంతా ఒకేసారి అరవై బారలు జరుగుతుంది, పోటు తీశాక ఒకేసారి వెనక్కి వస్తుంది. పక్కిల్లు పక్కనే ఉంటుంది, ఎదురిల్లు ఎదురుగానే ఉంటుంది. ఒడ్డు ఇక్కడికి కనపడదు. నేనూ వరస జెండాలు చూసుకుంటూ వచ్చేదాన్నే, జెండాలు ఉండేదీ ఇళ్ల మీదే. నా మిగతా పదిమందీ లోపలి వరసల వాళ్లు. అక్కడ ఇళ్లు స్తంభాలకి కట్టి ఉంటాయి, పైకీ కిందికీ పోతాయి తప్ప పక్కకి జరగవు. గీత గీసినవాడేమో నేల మీద కూర్చుని గీశాడు. ఇల్లన్నది ఒక చోట పడి ఉంటుందనుకున్నాడు. మేమేమో ఇల్లు కదులుతుందనే అనుకోలేదు.

“అత్తా!” అని అరిచాను. “నీ అల్లుడు గుమ్మం దిగలేదు. గుమ్మమే వెళ్లింది!”

“నేను మొదట్నుంచీ చెబుతున్నది అదేగదే” అంది అర్జాలమ్మ. ఆవిడ చెప్పింది అది కాదు. అయినా ఆవిడతో వాదించే ఓపిక నాకు లేదు, కాళ్లు మొక్కాలనిపించింది.

భుజంగరావుకి కబురు చేశాను. నవ్వాడు. “ఇల్లు నడుస్తుందా? కాగితం మీద పెట్టండి, మూడు నెలల్లో పరిశీలిస్తాం” అన్నాడు. అమావాస్య ఎల్లుండే. మూడోది పడితే గంటలో మనిషి ఒడ్డులో ఉంటాడు. కాగితం వదిలేసి నేరుగా మేజిస్ట్రేటు రహమతుల్లా గారికి అర్జీ పెట్టుకున్నాను. అమావాస్య పొద్దున ఎనిమిదిన్నరకి విచారించమని, కోర్టు తెప్ప మీదే విచారించమని. కోర్టు తెప్ప కూడా బయటి వరస పక్కనే, లోతు నీళ్లలో లంగరు వేసి ఉంటుంది.

నమోదు 142. అమావాస్య.

ఈ ఒక్క రోజు కోసమే నేను పుట్టానేమో అనిపిస్తోంది. 

ఎనిమిదింటికి కొత్త కడియం ఒకటి పట్టుకుని కోర్టు తెప్పకి వెళ్లాను. “భుజంగరావు గారూ, ఇది నా చేతికి మీరే తొడగండి. ఈ కోర్టు తెప్ప చుట్టూ నలభై బారల గీత మీరే గీయండి. తర్వాత నేనేదో చేశానని మాట రాకూడదు” అన్నాను.

ఆయన మేజిస్ట్రేటు గారి వైపు చూశాడు. “కానివ్వండి” అన్నారాయన. భుజంగరావు చాలా శ్రద్ధగా గీశాడు. తాళం కూడా తనే వేశాడు. నేను సాక్షుల కుర్చీలో కూర్చుని, నా నడుముని కుర్చీకి తాడుతో కట్టించుకున్నాను. జవానుకి నవ్వాగలేదు. నాకూ ఆగలేదు.

ఎనిమిదీ ముప్పావుకి జవాను పెద్ద పోటు రోజుల అలవాటు ప్రకారం బయటికి వెళ్లి కోర్టు మోకు వదిలి వచ్చాడు. ఎవరూ తల తిప్పి చూడలేదు.

తొమ్మిదీ అయిదుకి భుజంగరావు పలక మోగింది. లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

“మూడోది! ఇప్పుడే, ఈ నిమిషంలో త్రిమూర్తులు గీత దాటాడు. ఈవిడ ఇక్కడ నాటకం ఆడుతుంటే అక్కడ అతను దాటాడు. వారంటు ఇప్పించండి సార్.”

 త్రిమూర్తుల తెప్ప మాకంటే ముందు పోటుకి అందుతుందని నాకు తట్టనేలేదు. మేజిస్ట్రేటు గారు నా చేతి కడియం వైపు చూశారు. అది మూగగా పచ్చగా వెలుగుతోంది. ఆయన కలం తీశారు. మూత కూడా తీశారు.

“సార్, కాస్త ఆగండి” అన్నాను. “పోటు ఇక్కడికీ వస్తుంది.”

“ఎంతసేపు ఆగమంటావమ్మా?”

“పోటుని అడగాలండి.”

భుజంగరావు ఫక్కుమన్నాడు. కలం కాగితం మీద ఆనింది. ‘ఓలేటి’ అని రాయడం నాకు కనపడుతూనే ఉంది. నేను కళ్లు మూసుకుని మా అమ్మ మొక్కే దేవతలందరినీ పేరుపేరునా పిలిచాను.

అప్పుడు గీపెట్టింది. నా చెయ్యి! ఎర్రగా, చెవులు చిల్లులు పడేలా, కోర్టు కోర్టంతా మోగిపోయేలా. కుర్చీకి కట్టేసిన ముండని, నడుముకి తాడు, ఎదురుగా మేజిస్ట్రేటు, పక్కన జవాను, నేను గీత దాటానట!

“పలకలో ఏముంది భుజంగరావు గారూ?” అన్నారు మేజిస్ట్రేటు గారు.

 భుజంగరావు పలక తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాడు. ఆయన చదివారు. “మల్లాడి పోలేశ్వరి, కోర్టు గీతకి ఒక బార అవతల. ఇప్పుడు రెండు బారలు.” ఆగి, కళ్లద్దాలు తీశారు. “అయితే నేనూ దాటాను. మీరూ దాటారు. ముందు ఎవరిని లోపలెయ్యమంటారు?”

కోర్టు గొల్లుమంది. నేను నవ్వుతూ ఏడ్చాను, ఏడుస్తూ నవ్వాను. కట్లు విప్పేదాకా కడియం మోగుతూనే ఉంది, ఎవరూ ఆపమనలేదు.

ఉత్తర్వు: మూడు ఉల్లంఘనలూ కొట్టివేత. ఇకమీదట తేలే ఇళ్లన్నిటికీ గీత ఇంటి దూలం నుంచే కొలవాలి. పాత బిళ్లలు మళ్లీ కొట్టాలి. సాయంత్రం నా చేత్తో నేనే త్రిమూర్తులింటి దూలానికి బిళ్ల కొట్టాను. దొంగవన్నందుకు క్షమించమన్నాను. “అక్కవి గదా, అంటావు” అన్నాడు. అర్జాలమ్మ మాత్రం మీయమ్మకి ఈ నోరు లేదు అని ఒక పూట క్లాసు పీకింది. పడ్డాను.

నమోదు 171. నవమి. త్రిమూర్తుల విచారణ రోజు.

నిన్నటి నుంచి ఒకటే ఈదురుగాలి. పొద్దున నా పడవ లోపలి వరస దాటలేదు, రెండుసార్లు స్తంభాలకేసి కొట్టింది. పేట పడవలన్నీ కట్టేశారు. ఆకాశంతో మాటలు కూడా తెగిపోయాయి. నేను తోడు లేకుండా త్రిమూర్తులు ఇల్లు దాటకూడదు. బయటి వరసకి వంతెన లేదు, నేను వెళ్లలేను. పదింటికి పేరు పిలుస్తారు. పలకకపోతే ఆ పూటే జామీను రద్దు, ఒడ్డు గదులు. గాలికీ వానకీ మినహాయింపు లేదు, ఆ నిబంధన ఒడ్డువాళ్లు రాసింది.

స్తంభం స్తంభం పట్టుకుని, కోర్టుకి వేసిన తేలే వంతెన పలకల మీద పాక్కుంటూ ఎలాగో కోర్టు తెప్పకి చేరేసరికి తొమ్మిదీ యాభై. తడిసి ముద్దయ్యాను. భుజంగరావు అప్పటికే ఉన్నాడు. ముందురోజే వచ్చి అక్కడే పడుకున్నాడట. “పాపం, రాలేడండి” అన్నాడు. ఈసారి వెక్కిరింపుగా అనలేదు, అదే ఇంకా భయమేసింది.

పది కొట్టింది. జవాను పిలిచాడు. “ఓలేటి త్రిమూర్తులూ!”

గాలి తప్ప ఏం వినపడలేదు.

రెండోసారి పిలిచాడు. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. వానలో ఏదో పెద్ద నల్లటి ఆకారం మా మీదికే వస్తోంది. ముందు ఓడేమో అనుకున్నాను. దానికి పొయ్యి పొగ వస్తోంది. దండెం మీద లుంగీ ఎగురుతోంది. గంప కింద కోళ్లు గోల పెడుతున్నాయి. గంగరాజుతో కలిపి నలుగురు, అటు ఇద్దరు ఇటు ఇద్దరు, తెడ్లు వేస్తున్నారు. అరుగు మధ్యలో కుర్చీలో, గొడుగు తిరగబడినా దించకుండా, అర్జాలమ్మ.

“ఎడమకి! ఎడమకి తొయ్యండ్రా దద్దమ్మల్లారా! మేజిస్ట్రేటుని ముంచేత్తారా ఏంటి!”

ఇల్లు వచ్చి ధన్ మని కోర్టుకి తగిలింది. మేజిస్ట్రేటు గారి బల్ల మీద సిరాబుడ్డి దొర్లిపోయింది.

మూడోసారి జవాను గొంతు చించుకుని పిలిచాడు. “ఓలేటి త్రిమూర్తులూ!”

గుమ్మంలోంచి త్రిమూర్తులు తల బయటపెట్టాడు. చెయ్యెత్తి కడియం చూపించాడు. పచ్చగా వెలుగుతోంది.

“ఉన్నానండి ఆయ్! ఇంట్లోనే ఉన్నానండి! మోకు విప్పేసి వచ్చేశామండి!”

కోర్టంతా లేచి నిలబడింది. మేజిస్ట్రేటు గారు కూడా లేచారు, పడకుండా బల్ల పట్టుకోవడానికే లేచారని తర్వాత అన్నారు, నేను నమ్మను. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది భుజంగరావు. ఆ రోజుతో ఆయన మీద కోపం పోయింది.

కేసు మధ్యాహ్నానికి తేలిపోయింది. త్రిమూర్తులు గూడు తాళ్ల కొసలు చేతిలోకి తీసుకుని, పక్కన తన కత్తితో ఒక తాడు కోసి చూపించాడు. “కోసింది ఇలా సమంగా ఉంటదండి. ఇవి చూడండి, మీసాల్లాగ సాగినయ్యి. ఒరిసి ఒరిసి పోటుకి తెగినయ్యండి. ఆసామిగారు డెబ్బై బారలు వదలాల్సింది, ఇరవై వదిలారు.” ఆసామి నేల చూపులు చూశాడు. కేసు కొట్టేశారు.

కడియం నేనే విప్పాను. విప్పుతుంటే అర్జాలమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే, తడిగుడ్డలతో నిలబడ్డావేంటే, లోపలికొచ్చి టీ తాగి చావమని నన్ను తిట్టింది. ఎదురుగాలి కాబట్టి ఇల్లు రెండు రోజులు కోర్టు పక్కనే కట్టేసి ఉంచాలట. మేజిస్ట్రేటు గారు కూడా ఆ టీకే వచ్చారు.

వాళ్లింట్లోనే కూర్చుని పుస్తకం తెరిచాను. పేరు ఎదురుగా రాశాను: హాజరు. పక్కన ‘ఎలా వచ్చాడు’ అని ఒక గడి ఉంటుంది. పడవ, వంతెన, ఇతరం. ఇతరం కొట్టేసి, ‘ఇల్లు’ అని పెద్దక్షరాలతో రాశాను. దీనికి నాలుగో మెమో వస్తే రానీ.